మన రుమాలు, మన ధోవతి



నేడు పురుషుల వస్త్రములను గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిని. బట్టల ముచ్చట ఆడువారిది గదా, అరువది దాటిన బడిపంతులునకు దీనితో నేమి పని యని మీలో కొందరు నవ్వవచ్చును. ఆ నవ్వులోనే నేను చెప్పబోవు దోషమున్నది. ఇంటి ఆడువారు చీర కొనునప్పుడు అంచు చూతురు, కొంగు చూతురు, మడత విప్పి తిరుగవేసి చూతురు, ఏ ఊరి నేత యని అడుగుదురు. మనము ధోవతి కొనునప్పుడు తెల్లగా నున్నదా లేదా యని చూచి పైకము చెల్లింతుము. అందువలన చీర నేయు మగ్గము ఎట్లో నిలిచినది. పురుషుని గుడ్డ నేయు మగ్గము పలుచోట్ల ఆగిపోయినది.

ఈ దోషము నాయందును కలదు. నా చిన్నకుమారుని వివాహమున వియ్యంకునకు పెట్టుటకై ఒక అంగడిలో ఒక తేలియా రుమాలు కొంటిని. మగ్గముపై నేసినదే యని అంగడివాడు ఒట్టు పెట్టుకొనెను. పెండ్లి గడచిన నెలకు వియ్యంకుడు మా యింటికి వచ్చి ఆ గుడ్డను నా ముందర పరచెను. ఒక్క ఉతుకునకే ఎరుపు కారి తెలుపునంతయు పాడుచేసినది. గుడ్డను తిరుగవేయగా వెనుకవైపున చిత్రము వెలవెలబోవుచుండెను. ఆయన పెద్దమనిషి, కోపించలేదు. "బావగారూ, ఇది నేత కాదు, అచ్చు. మీరు పుస్తకములలో చూచునదే" అని మాత్రము నవ్వెను. ముప్పది యేండ్లకు పైగా పిల్లలకు అక్షరభేదము నేర్పిన నాకు నేతకును అచ్చునకును భేదము తెలియకపోయెను గదా యని సిగ్గుపడితిని. అటుపిమ్మట తెలిసికొన్న సంగతులే ఇప్పుడు మీకు విన్నవించుచున్నాను.

మొదట రుమాలు మాట. మన తండ్రులు తలకు రుమాలు చుట్టకుండ గడప దాటెడివారు కారు. పొలమున అదియే ఎండకు గొడుగు, సంతలో అదియే మూట, చెట్టునీడను అదియే పక్క. రుమాళ్లలో తేలియా రుమాలు ఘనమైనది. తేలు అనగా హిందుస్తానీలో నూనె. నూనె పెట్టిన నూలుతో నేసినది గనుక ఆ పేరు వచ్చినది. సముద్రతీరమున చీరాల దీనికి పూర్వస్థానము. అక్కడి నుండి ఈ రుమాళ్లు అరబ్బు దేశములకును ఆఫ్రికా తీరములకును ఓడలమీద పోయెడివి. ఇంటిపట్టున బెస్తవారును గొల్లలును వీనిని తలకు చుట్టి, నడుమునకు కట్టి, భుజమున వేసికొనెడివారు. రాజులకు గాక శ్రమపడు మగవానికై పుట్టిన వస్త్రమిది.

దీని నేర్పు ఇరువతి శతాబ్దమున మన పూర్వపు నల్లగొండ జిల్లా పద్మశాలి గృహములలో వేరూనినది. 2016లో జిల్లాలు విడిపోయిన పిదప ఆ గ్రామములు యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినవి. సూర్యాపేట నుండి హైదరాబాదు త్రోవను చౌటుప్పలు చేరి, అటనుండి సంస్థాన్ నారాయణపురము వైపు పోయినచో పుట్టపాక వచ్చును. ఆ ఊరి గజం గోవర్ధనగారికి 2011లోను, గజం అంజయ్యగారికి 2013లోను పద్మశ్రీ లభించినది. పుట్టపాక తేలియా రుమాలునకు 2020లో భౌగోళిక గుర్తింపు కలిగినది.

ఇది తయారగు విధము వినుడు. నూలును ఆముదపుకాయల బూడిద కలిపిన నీటిలోను నూనెలోను మరల మరల నానవేసి, పిసికి, ఎండబెట్టుదురు. ఇది ఒకనాటి పని కాదు; దినములు పట్టును. బూడిదలోని క్షారమును నూనెయు కలిసి నూలుపోగులోనికి దిగుటచేత ఎరుపు గట్టిగ పట్టును. ఆ ఎరుపు పూర్వము చిరివేరు నుండి వచ్చెడిది, తరువాత అలిజరిన్ అను రంగు వాడుకలోనికి వచ్చినది. ఎరుపు, నలుపు, తెలుపు, ఈ మూడే దాని ప్రాచీనవర్ణములు.

రంగు వేయుటకు ముందు పోగులను కట్టలుగా చేర్చి, తెలుపు నిలువవలసిన తావుల బిగించి కట్టుదురు. కట్టిన చోట రంగు దిగదు. దీనినే చిటికి పని యందురు. సంస్కృతమున ఓతప్రోతములని వ్యవహరించు పడుగును పేకను వేరువేరుగా ఇట్లు కట్టి, రంగులో ముంచి, మగ్గముపై ఒకదానిమీద నొకటి సరిగా కూర్చుండునట్లు నేయుదురు. పేక వెంట్రుకవాసి తప్పినను చిత్రము చెదరును. కావున చిత్రము గుడ్డ మీద లేదు, నూలులోనే యున్నది. ఈ ఒక్క వాక్యమును మనసున నుంచుకొన్నచో నావలె మోసపోరు.

ఇంత నేర్పుగల వస్త్రము నేడేమైనది? ఆ చిత్రములు చాలవరకు చీరలకును దుపట్టాలకును తరలిపోయినవి. నేతగాని తప్పిందు లేదు. కొనువాడున్న చోటికే మగ్గము పోవును. మగవాడు రుమాలు విడిచెను; రుమాలు చీరయై బ్రదికినది. దాని ప్రాణము దక్కినందుకు సంతోషమే, మన భుజము బోసిపోయినందుకు విచారము.

ఇట్టి ఆపద పరదేశములందును కలిగినది. స్కాట్లాండు పశ్చిమమున సముద్రమధ్యమున కొన్ని ద్వీపములు కలవు. అక్కడివారు గొర్రెబొచ్చుతో హారిస్ ట్వీడ్ అను దళసరి బట్ట నేయుదురు. తెల్లదొరల కోటులకు అది పేరుపొందినది. పేరు పొందగానే ఇతర స్థలముల యంత్రపు బట్టయు అదే పేర అమ్ముడుపోసాగెను. ఆ ద్వీపవాసులు 1909లో సంఘముగా చేరి, శిలువతో కూడిన గోళమును తమ ముద్రగా కోరి, కొలదికాలములో సాధించిరి. 1993లో బ్రిటిషు పార్లమెంటు దానికై ఒక శాసనమే చేసినది. దాని ప్రకారము ఉన్ని ఆ ద్వీపములలోనే రంగు వేయబడి వడకబడవలెను. నేతగాడు తన యింటిలోనే చేత నేయవలెను. పరీక్షలో నెగ్గిన బట్టకే ముద్ర పడును. ఇంటిలో నేసిన గుడ్డకు ముద్ర రక్షయైనది; ముద్రకు దానిని అడిగి కొనువాడు రక్షయైనాడు.

మనకును ముద్రలు లేకపోలేదు. చేనేత గుర్తు అనునది 2006లో వచ్చినది. నాణ్యము చూచి యిచ్చు ఇండియా హ్యాండ్లూమ్ గుర్తు 2015 ఆగస్టు 7న, మొదటి జాతీయ చేనేత దినమున వెలువడినది. 1905లో స్వదేశోద్యమము ఆరంభమైన దినమని ఆ తేదీని ఎన్నుకొనిరి. 1985 నాటి శాసనము కొన్ని రకముల బట్టలను చేతిమగ్గమునకే ప్రత్యేకించినది. ఇప్పుడా పట్టికలో పదునొకండు వస్తువులున్నవి. చట్టము చెప్పిన లక్షణములు గల ధోవతి, తువాలు, లుంగీ అందులోనివే. కావున మగవాని గుడ్డను చట్టము మరువలేదు, మగవాడే మరచినాడు.

ఇక కొనునప్పుడు చూడవలసిన ఆనవాళ్లు. మొదటిది, గుడ్డను తిరుగవేయుడు. చిటికి నేతలో రెండువైపుల రంగు ఒకే తీరున నుండును; అచ్చులో వెనుకవైపు వెలవెలబోవును. రెండవది, చిత్రపు అంచు చూడుడు. చిటికిలో అది గీత గీసినట్లుండదు, నీటిలో తడిసిన సిరావలె కొంచెము చెదరియుండును. ఆ చెదురే చేతిపనికి సాక్షి. మూడవది, గుడ్డ యొక్క రెండంచులు చూడుడు. నేయునప్పుడు బట్ట ముడుచుకొనకుండ అడ్డముగా ఒక పుల్ల గ్రుచ్చి నిలుపుదురు. దాని సూదిరంధ్రములు సన్నగా అంచుల వెంట కనబడవచ్చును. నాలుగవది, ఒక పోగు లాగి నిప్పు చూపుడు. నూలు కాగితమువలె కాలి బూడిదయగును. పాలియెస్టరు కరగి గట్టి పూసయగును. అయిదవది, గుర్తు అడుగుడు, ఏ ఊరి సంఘము నేసినదని అడుగుడు. నిజము చెప్పువాడు ఊరి పేరు తడుముకొనక చెప్పును.

ఏ ఊళ్లవైపు చూడవలెనని అడుగుదురేని చెప్పెదను. రుమాలునకు పుట్టపాక. చొక్కా గుడ్డకు చౌటుప్పలు దగ్గరి కొయ్యలగూడెము, భూదాన్ పోచంపల్లి. పోచంపల్లి చిటికికి 2005 నాటికే భౌగోళిక గుర్తింపు కలిగినది. కోదాడవారికి కృష్ణ దాటిన మంగళగిరియు దూరము కాదు. అక్కడి నిజాం అంచు నూలుగుడ్డ లాల్చీకి ఎంతయు ఒప్పును. సన్నని ఖద్దరు ధోవతికి శ్రీకాకుళము వైపు పొందూరు. అక్కడ ప్రత్తిని వాలుగ చేప దవడ యెముకతో దువ్వి, చేత వడకుదురు. చిన్న సంస్థలలో హైదరాబాదు కేంద్రముగాగల మల్ఖా చూడదగినది. ప్రత్తిని బిగించి బేళ్లు కట్టకుండ చిన్న యంత్రములపై వడికించి, చేతిమగ్గములపై నేయించుట దాని పద్ధతి.

ధర యెక్కువ గదా యందురు. నిజమే. యంత్రపు గుడ్డ కట్టుట పాపమని నేననను. సిరిసిల్ల మరమగ్గముల కార్మికుడును మనవాడే, అతనికిని కడుపున్నది. అచ్చును నేత యని అమ్ముట మాత్రము పాపము. అడుగక కొనుట ఆ పాపమునకు చేయూత. సంవత్సరమునకు నాలుగు గుడ్డలు కొనువారు మూడు మీకు వీలైనవి కొనుడు, ఒక్కటి మగ్గముది కొనుడు. అది దసరాకు గానీ, పెండ్లి పెట్టుబోతలకు గానీ కానిండు.

నేనును పుట్టపాక పోయి, మగ్గము ప్రక్కన గూర్చుండి నేయుట చూచి, ఒక రుమాలు తెచ్చి వియ్యంకునకు ఇచ్చితిని. ఆయన దానిని విప్పగానే మొదట తిరుగవేసి చూచెను. తరువాత ముక్కు దగ్గర పెట్టుకొని నూనెవాసన చూచెను. అప్పుడు గాని తలకు చుట్టలేదు. మీరును ఈ దసరాకు అంగడిలో అట్లే చేయుడని వేడుకొనుచు సెలవు తీసికొనుచున్నాను.