బరువు ఆపరేషన్: పదో ఏట తేలే లెక్కలు

హైదరాబాద్‌లో చర్లపల్లి నుంచి మల్లాపూర్, నాచారం మీదుగా తార్నాక వెళ్తే జాతీయ పోషకాహార సంస్థ వస్తుంది. అక్కడి ప్రయోగశాలలో వృద్ధి చేసిన ఊబకాయపు ఎలుకల జాతులు పరిశోధకులకు బాగా తెలుసు. జన్యువుల్లో వచ్చిన మార్పే వాటిని లావెక్కించింది. ఒళ్లున్న మనిషిని ‘నోరు కట్టేసుకోవచ్చుగా’ అని దెప్పేవాళ్లు ముందు వీటి సంగతి తెలుసుకోవాలి.

• బరువు తగ్గించే గ్యాస్ట్రిక్ బైపాస్ ఆపరేషన్‌కు దారి చూపింది అల్సర్ రోగులు. పొట్టలో కొంత తీసేసిన ఆడవాళ్లు మళ్లీ ఒళ్లు చేయడం లేదని అమెరికాలో ఎడ్వర్డ్ మేసన్ గమనించి, 1966లో ఈ ఆపరేషన్ మొదలుపెట్టారు.

• ఇప్పుడు ఎక్కువగా చేసేది స్లీవ్. పొట్టలో సుమారు 80 శాతం కోసి తీసేస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యే భాగమూ దాంతోపాటే పోతుంది. బైపాస్‌లో పొట్టను తీయరు. పైభాగాన్ని చిన్న సంచిలా విడదీసి పేగుకు కలుపుతారు.

• మరి ఏది మేలు? ఫిన్లాండ్‌లో 240 మందికి ఈ రెండిట్లో ఒకటి చేసి పదేళ్లు గమనించారు. అదనపు బరువులో స్లీవ్ వాళ్లు 43.5 శాతం, బైపాస్ వాళ్లు 50.7 శాతం తగ్గి ఉన్నారు. ఇది పెద్ద తేడా కాదు. అసలు తేడా గొంతు కింద ఉంది: అన్నవాహికలో పూత స్లీవ్ వాళ్లలో 31 శాతం మందికి కనిపిస్తే, బైపాస్ వాళ్లలో 7 శాతం మందికే. ఇప్పటికే పుల్లటి తేన్పులు, గుండెల్లో మంట ఉన్నవాళ్లు డాక్టర్‌ని మొదట అడగాల్సింది దీని గురించే.

• పొట్టకు బ్యాండు వేయడం దాదాపు మూలపడింది. స్వీడన్‌లో పదిహేనేళ్లకు బైపాస్ వాళ్ల బరువు 27 శాతం తగ్గి ఉంటే, బ్యాండు వాళ్లది 13 శాతమే.

• ‘షుగర్ పోయింది’ అని సంబరపడి పరీక్షలు మానేయకూడదు. అమెరికాలోని యూటాలో షుగర్ ఉండి బైపాస్ చేయించుకున్నవాళ్లలో రెండేళ్లకు 75 శాతం మందికి అది పోయింది. పన్నెండేళ్లకు అలా మిగిలింది 51 శాతం. సగం మందికి అన్నేళ్ల ఊరట దక్కడం గొప్పే.

• ఆపరేషన్ అయ్యాక విస్తరి ముందు కూర్చుంటే గుడ్డో పప్పో ముందు, అన్నం చివర. బైపాస్ అయినవాళ్లు బొబ్బట్టు ఆబగా తింటే చెమటలు, గుండెదడ రావచ్చు. మద్యం కూడా త్వరగా తలకెక్కుతుంది. బి12, ఐరన్, కాల్షియం జీవితాంతం వేసుకోవాల్సిందే. ఆపరేషన్ సంగతి చుట్టాల దగ్గర దాచినా ఫర్వాలేదు; మాత్రలు మానేస్తేనే ప్రమాదం. బి12 బాగా తగ్గితే అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి, నరాలు దెబ్బతింటాయి.

• ఆసియావాసులకు బీఎంఐ (ఎత్తును బట్టి వేసే బరువు లెక్క) 27.5 నుంచే ఈ ఆపరేషన్ ఆలోచించవచ్చని అంతర్జాతీయ వైద్య సంఘాలు 2022లో చెప్పాయి. మన ఆరోగ్య బీమా ప్రామాణిక నిబంధన మాత్రం 40 ఉండాలంటుంది, లేదంటే తీవ్రమైన జబ్బుతో పాటు 35. షుగర్ అదుపు తప్పి, బీఎంఐ 32 ఉన్న కార్మికుడికి డాక్టర్ సరేనన్నా పాలసీ పైసా ఇవ్వదు. ఈ నిబంధన మార్చాలి.