జేబులో పట్టే పాటల పెట్టె: ఏది కొనాలి?

2004వ సంవత్సరం చివర అమెరికాలో పాటల పెట్టె కొనబోయేవారికి ఒక చిక్కు ప్రశ్న ఎదురైంది. దుకాణంలో రెండు చిన్న డిజిటల్ మ్యూజిక్ ప్లేయర్లు పక్కపక్కనే ఉండేవి. ఒకటి ఆపిల్ కంపెనీ వారి ఐపాడ్ మినీ. రెండవది సింగపూరుకు చెందిన క్రియేటివ్ కంపెనీ వారి జెన్ మైక్రో. రెండింటి ధర ఒకటే: 249 డాలర్లు. రెండూ అరచేతిలో ఇమిడిపోయేవే. మొదటిదానిలో 4 గిగాబైట్ల చోటు ఉంటే, రెండవదానిలో 5 గిగాబైట్లు ఉంది. ఒకసారి ఛార్జి చేస్తే మొదటిది 8 గంటలు, రెండవది 12 గంటలు పాడుతుందని తయారీదారులు చెప్పేవారు. జెన్ మైక్రోలో ఎఫ్.ఎం. రేడియో కూడా ఉంది. దాని బ్యాటరీని మనమే తీసి మార్చుకోవచ్చు. ఐపాడ్ మినీలో ఈ రెండు సౌకర్యాలూ లేవు.

అంకెలను బట్టి చూస్తే రెండవదే మెరుగు కదా! అయినా ఎక్కువమంది ఐపాడ్ మినీనే కొన్నారు. వాళ్ళు మోసపోయారా? లేక అంకెల్లో కనబడని సంగతి ఇంకేదైనా ఉందా?

ఆ రెండు పెట్టెలూ ఇప్పుడు తయారుకావడం లేదు. 2022 మే నెలలో ఆపిల్ కంపెనీ ఐపాడ్‌ల తయారీకే స్వస్తి చెప్పింది. చాలామంది పాటలు ఫోనులోకి చేరిపోయాయి. కాని ఆనాటి కొనుగోలుదారు వేసుకోవలసిన ప్రశ్నలు నేడు ఫోను కొన్నా, మెమరీ కార్డు కొన్నా మనకూ పనికివస్తాయి. ముందుగా ఆ పెట్టె లోపల ఏం జరుగుతుందో చూద్దాం.

పాట అంకెలుగా మారేదెలా?

వీణ తీగను మీటితే అది కంపిస్తుంది. దాని చుట్టూ ఉన్న గాలి కూడా కంపిస్తుంది. ఆ కంపనాలు మన చెవిని చేరితే ధ్వని వినిపిస్తుంది. మైక్రోఫోను ఈ కంపనాలను హెచ్చుతగ్గులతో కూడిన విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. ఈ హెచ్చుతగ్గులను గ్రామఫోను రికార్డు గాడి రూపంలోనూ, క్యాసెట్ అయస్కాంతపు గుర్తుల రూపంలోనూ దాచుకుంటాయి. డిజిటల్ పద్ధతిలో మాత్రం వాటిని అంకెలుగా రాసి ఉంచుతారు.

ఆసుపత్రిలో జ్వరంతో ఉన్న రోగిని గుర్తు తెచ్చుకోండి. నర్సు కొన్ని గంటలకొకసారి ఉష్ణోగ్రత చూసి చార్టులో చుక్క పెడుతుంది. ఆ చుక్కలను కలిపితే జ్వరం ఎప్పుడు పెరిగిందో, ఎప్పుడు తగ్గిందో తెలిపే గీత వస్తుంది. ధ్వని విషయంలోనూ ఇదే జరుగుతుంది. కాకపోతే ఇక్కడ గంటకొక చుక్క సరిపోదు.

మానవుని చెవి సెకనుకు 20 మొదలు సుమారు 20,000 కంపనాల వరకు గుర్తించగలదు. ఒక ధ్వనిని తిరిగి సరిగా నిర్మించాలంటే సెకనుకు దాని కంపనాల సంఖ్యకు రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలవాలి. అంటే 40,000 సార్లకు పైమాటే. 1982లో బయటికి వచ్చిన కాంపాక్ట్ డిస్కులో సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు. ఒక్కొక్క కొలతను 16 బిట్లతో రాస్తారు. బిట్ అంటే 0 గాని 1 గాని. 16 బిట్లతో 65,536 వేరువేరు మెట్లను సూచించవచ్చు. కుడి చెవికి ఒక వరుస, ఎడమ చెవికి ఒక వరుస ఉంటాయి కాబట్టి లెక్క ఇలా వస్తుంది:

44,100 × 16 × 2 = 14,11,200 బిట్లు.

ఇది ఒక్క సెకను సంగీతానికి అయ్యే లెక్క. 8 బిట్లు ఒక బైటు కనుక సెకనుకు 1,76,400 బైట్లు. నాలుగు నిమిషాల పాటకు దాదాపు 42 మెగాబైట్లు కావాలి. (మెగాబైటు అంటే పది లక్షల బైట్లు, గిగాబైటు అంటే వంద కోట్ల బైట్లు అనుకుందాం.)

1998లో మొదటి ప్లేయర్లు వచ్చాయి. వాటిలో దక్షిణ కొరియాకు చెందిన సేహన్ కంపెనీ వారి ఎంపీమ్యాన్, అమెరికాకు చెందిన డైమండ్ కంపెనీ వారి రియో ముఖ్యమైనవి. వీటిలో ఉన్న చోటు 32 మెగాబైట్లు. మరి 42 మెగాబైట్ల పాట అందులో ఒక్కటైనా పట్టదే!

చెవి గుట్టు తెలిసిన గణితం

ఇక్కడే ఎంపీ3 పద్ధతి ఆదుకుంది. 1990 ప్రాంతాల్లో జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థకు చెందిన పరిశోధకులు, మరికొందరు కలిసి దీన్ని రూపొందించారు. వారిలో కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్ ముఖ్యుడు.

పెళ్ళి పందిట్లో సన్నాయి, డోలు జోరుగా మోగుతుండగా పక్కవారి గుసగుస మీకు వినిపిస్తుందా? వినిపించదు. గుసగుస ఆగిపోలేదు; పెద్ద ధ్వని దాన్ని కప్పివేసింది. పాటలో కూడా క్షణక్షణం ఇలాగే ఒక ధ్వని మరొకదాన్ని కప్పివేస్తుంటుంది. ఎంపీ3 పద్ధతి చెవికి ఎలాగూ అందని వివరాలను వదిలివేస్తుంది. అంతగా అందని వాటిని తక్కువ బిట్లతో, కొంచెం మోటుగా రాస్తుంది. స్పష్టంగా వినిపించే వాటికి ఎక్కువ బిట్లు కేటాయిస్తుంది.

ఇది అనుకున్నంత తేలిక కాదు. సుజాన్ వేగా అనే గాయని వాద్యాలేవీ లేకుండా పాడిన 'టామ్స్ డైనర్' పాటను బ్రాండెన్‌బర్గ్ పరీక్షకు వాడుకున్నాడు. ఒంటరి కంఠంలో లోపాలను కప్పే ఇతర ధ్వనులు ఉండవు కాబట్టి ఏ చిన్న తేడా వచ్చినా చెవి పట్టేస్తుంది. ఆ పాటను పదేపదే వింటూ ఆయన తన పద్ధతికి మెరుగులు దిద్దాడు.

సెకనుకు 1,28,000 బిట్ల చొప్పున ఎంపీ3గా మారిస్తే నాలుగు నిమిషాల పాట 3.84 మెగాబైట్లకు దిగివస్తుంది. అంటే పదకొండో వంతు! అప్పుడు 32 మెగాబైట్లలో ఎనిమిది పాటలు పడతాయి. బిట్లు మరీ తగ్గిస్తే మాత్రం తాళాల మోత గరగరమంటుంది, కంఠం వాడి తగ్గుతుంది.

'వెయ్యి పాటలు' అంటే ఎన్ని?

2001 అక్టోబరు 23న మొదటి ఐపాడ్‌ను ప్రకటించినప్పుడు '5 గిగాబైట్లు, వెయ్యి పాటలు' అన్నారు. దీన్ని సరిచూద్దాం. నాలుగు నిమిషాల పాట, సెకనుకు 1,60,000 బిట్ల చొప్పున, 4.8 మెగాబైట్లు అవుతుంది. అలాంటివి వెయ్యి అయితే 4.8 గిగాబైట్లు. లెక్క సరిపోయింది.

అయితే అందరూ నాలుగు నిమిషాల పాటలే వింటారా? మన కచేరీల్లో ఒక రాగం-తానం-పల్లవి గంటసేపు సాగవచ్చు. అదొక్కటే పదిహేను పాటల చోటు ఆక్రమిస్తుంది. కాబట్టి 'ఇన్ని పాటలు పడతాయి' అని ప్రకటనలో కనబడితే, 'ఎన్ని నిమిషాల పాటలు? సెకనుకు ఎన్ని బిట్ల చొప్పున?' అని అడగాలి.

తిరిగే పళ్ళెమా? కదలని చిప్పా?

పాటలను దాచడానికి అప్పట్లో రెండు దారులు ఉండేవి. మొదటిది హార్డ్ డిస్క్. ఇందులో అయస్కాంతపు పూత గల పళ్ళెం గిర్రున తిరుగుతుంటే, దాన్ని తాకీ తాకకుండా ఒక చిన్న ముల్లు లాంటి భాగం కదులుతూ సమాచారాన్ని చదువుతుంది. మొదటి ఐపాడ్‌లోని డిస్కు 1.8 అంగుళాలది. ఐపాడ్ మినీ, జెన్ మైక్రోలలో ఉన్నవి అంగుళం డిస్కులు. చోటు ఎక్కువ, ధర తక్కువ. కాని తిరిగే యంత్రానికి విద్యుత్తు కావాలి. కింద పడితే దెబ్బ తగులుతుంది.

రెండవది ఫ్లాష్ మెమరీ. ఈ సిలికాన్ చిప్పులో కదిలే భాగం ఏదీ లేదు. కోట్లాది సూక్ష్మమైన గదుల్లో ఎలక్ట్రాన్లను బంధించి సమాచారం దాస్తారు. కుదుపుకు భయపడదు, విద్యుత్తు తక్కువ తీసుకుంటుంది. 1998 నాటి ప్లేయర్లలో ఉన్నది ఇదే. కాని అప్పట్లో దీని ధర చాలా ఎక్కువ.

హార్డ్ డిస్కుతో వచ్చే చిక్కుకు ఇంజనీర్లు ఒక చక్కని ఉపాయం పన్నారు. మొదటి ఐపాడ్‌లో 32 మెగాబైట్ల చిన్న చిప్పు ఒకటి అదనంగా పెట్టారు. డిస్కు కాసేపు తిరిగి రాబోయే ఇరవై నిమిషాల సంగీతాన్ని ఆ చిప్పులో నింపి ఆగిపోతుంది. మోటారుతో నీళ్ళు ట్యాంకులోకి ఎక్కించి, మోటారు కట్టేసి, ట్యాంకు నీళ్ళు వాడుకున్నట్టే అన్నమాట! బ్యాటరీ ఆదా అవుతుంది. నడిచేటప్పుడు కుదుపులకు పాట తెగదు.

2005 సెప్టెంబరు నాటి ధరలు చూడండి. హార్డ్ డిస్కు గల 20 గిగాబైట్ల ఐపాడ్ 299 డాలర్లు. గిగాబైటుకు సుమారు 15 డాలర్లు. ఫ్లాష్ మెమరీతో అప్పుడే వచ్చిన 4 గిగాబైట్ల ఐపాడ్ నానో 249 డాలర్లు. గిగాబైటుకు సుమారు 62 డాలర్లు. అయినా ఆ నానో కోసం ఆపిల్ తన ఐపాడ్ మినీని ఉపసంహరించుకుంది! ఫ్లాష్ ధర ఏటేటా పడిపోతుందని, పలుచని, గట్టి పెట్టెనే జనం కోరుకుంటారని వారు అంచనా వేశారు. తర్వాత జరిగింది అదే. నేటి ఫోన్లలో ఉన్నది ఫ్లాష్ మెమరీయే.

తాళం వేసిన పాటలు

పెట్టె మీద రాయని సంగతి ఒకటి ఉంది. అది ఏ ఫైళ్ళను చదవగలదు? ఎంపీ3ని దాదాపు అన్ని ప్లేయర్లూ చదివేవి. కాని 2003లో ఆపిల్ తెరిచిన పాటల దుకాణం ఏఏసీ అనే రూపంలో, తాళం వేసిన పాటలను అమ్మేది. ఆ తాళం ఇతర కంపెనీల ప్లేయర్లలో సాధారణంగా తెరుచుకునేది కాదు. ఎదుటి పక్షంలో మైక్రోసాఫ్ట్ వారి డబ్ల్యూఎంఏ రూపం ఉండేది. దాని తాళం వేరు. అది ఐపాడ్‌లో తెరుచుకోదు.

చిత్రమేమిటంటే, 2006లో మైక్రోసాఫ్ట్ తానే జూన్ అనే ప్లేయరును విడుదల చేసినప్పుడు, అంతకుముందు తన పద్ధతిలోనే తాళం వేసి అమ్మిన పాటలు అందులో పాడలేదు! 2008లో ఆ కంపెనీ తన పాత పాటల దుకాణానికి సంబంధించిన తాళం చెవులను ఇచ్చే కంప్యూటర్లను ఆపేస్తానని ప్రకటించింది. కొనుగోలుదారులు గగ్గోలు పెట్టిన మీదట వాయిదా వేసింది. డబ్బు పెట్టి కొన్న పాట నిజంగా మనదేనా అన్న ప్రశ్న అప్పుడు చాలామందికి కలిగింది. 2009లో ఆపిల్ దుకాణం పాటలకు తాళాలు తీసివేసింది.

ప్లేయరు నాలుగైదేళ్ళలో పాతబడుతుంది. పాటలు పాతబడవు. అందువల్ల పెట్టెకంటే ముందు పాటల రూపాన్ని గురించి ఆలోచించడం తెలివైన పని.

అన్నిటికంటే ఖరీదైన భాగం

ఈ యంత్రంలో మార్చడానికి వీలులేని భాగం ఒకటి ఉంది: మన చెవి. లోపలి చెవిలో సన్నని రోమాల వంటి కొసలు గల కణాలు ఉంటాయి. పెద్ద ధ్వని వాటిని దెబ్బతీస్తే మానవునిలో అవి మళ్ళీ మొలవవు. వారానికి 40 గంటలు వినేవారికి 80 డెసిబెల్స్, పిల్లలకు 75 డెసిబెల్స్ హద్దుగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ధ్వని 3 డెసిబెల్స్ పెరిగితే దాని శక్తి రెట్టింపవుతుంది. కనుక వినవలసిన సమయం సగానికి తగ్గాలి. 80 దగ్గర 40 గంటలైతే, 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10 గంటలే. బస్సు రొదను జయించాలని ధ్వని పెంచడం ప్రమాదం. బయటి రొదను అడ్డుకునే ఇయర్‌ఫోన్లు ఉంటే తక్కువ ధ్వనితోనే పాట వినవచ్చు. అయితే రోడ్డు దాటేటప్పుడు వాటిని చెవుల నుంచి తీసివేయాలి సుమా!

మొదటి ప్రశ్నకు జవాబు

ఇప్పుడు 2004 నాటి దుకాణానికి తిరిగి వెళ్దాం. వెయ్యి పాటల్లో కావలసిన ఒక్క పాటను వెతికి పట్టుకోవాలి. ఐపాడ్ మినీ మీద గుండ్రని చక్రం ఉండేది. దాని మీద బొటనవేలు తిప్పితే పాటల పట్టిక జరజరా జరిగిపోయేది. కంప్యూటరు నుంచి పాటలు నింపుకోవడమూ సులువుగా ఉండేది. ఈ సులువును గిగాబైట్లలోనూ, గంటల్లోనూ కొలవలేం. కాని రోజూ వాడేవారికి అది పెద్ద సుఖం. దానికోసం ఒక గిగాబైటు, నాలుగు గంటలు వదులుకున్నవారు మోసపోయినట్లు కాదు.

అలాగని అందరికీ అదే సరైనదనీ కాదు. దూరప్రయాణాలు చేసేవారికి, రేడియో వినేవారికి, రీఛార్జి బ్యాటరీ ఏళ్ళ తరబడి వాడితే బలం తగ్గుతుందని తెలిసి దాన్ని తామే మార్చుకోదలచినవారికి జెన్ మైక్రో మేలు. అప్పటికే ఆపిల్ దుకాణంలో పాటలు కొన్నవారికి మినీ తప్ప గత్యంతరం లేదు. 'ఏది మంచిది?' అన్న ప్రశ్న సగం ప్రశ్న మాత్రమే. 'ఎవరికి, ఏ పనికి?' అన్నది చేరిస్తేనే అది పూర్తవుతుంది.

మీరే లెక్క వేయండి: ఐదు నిమిషాల పాటలను సెకనుకు 3,20,000 బిట్ల చొప్పున దాస్తే 2 గిగాబైట్ల కార్డులో ఎన్ని పడతాయి? 166 వస్తే మీ లెక్క సరైనదే. అదే కార్డులో సెకనుకు 1,28,000 బిట్ల చొప్పున ఎన్ని పడతాయో కూడా కట్టి చూడండి. తర్వాత ఒకే పాటను రెండు విధాలా దాచి, మిత్రుడికి ఏది ఏదో చెప్పకుండా పదిసార్లు వినిపించండి. అతడు ఎన్నిసార్లు సరిగా గుర్తుపట్టాడో రాసుకోండి. ఐదుకు అటూ ఇటూ వస్తే అతడు ఊహించి చెబుతున్నాడన్నమాట. అప్పుడు ఆ పాటకు, ఆ చెవికి చిన్న ఫైలే చాలు!