అరవై సెకన్ల రబ్బరు

అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో లింకన్ అనే నగరం ఉంది. ఏటా సెప్టెంబరులో అక్కడి విమానాశ్రయం పక్కనున్న కాంక్రీటు మైదానం నారింజ రంగు ప్లాస్టిక్ కోన్లతో నిండిపోతుంది. స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా 1973లో మొదలుపెట్టిన జాతీయ ఆటోక్రాస్ పోటీలు 2009 నుంచి ఇక్కడే జరుగుతున్నాయి. పాల్గొనేవాళ్లలో ఎక్కువమంది వారమంతా ఉద్యోగాలు చేసుకునేవాళ్లే. కోన్ల మధ్య మెలికలు తిరిగే దారిలో ఒక్కో కారూ ఒంటరిగా గడియారంతో పోటీపడుతుంది. ఒక పరుగు దాదాపు నిమిషం. కోన్ పడితే శిక్షగా మరో 2 సెకన్లు కలుపుతారు. సెకనులో వెయ్యో వంతు వరకూ లెక్కపెడతారు కాబట్టి గెలుపోటములు తరచూ కంటికి ఆనని తేడాతో తేలిపోతాయి.

ఈ పోటీలో ఇంజను బలం కంటే టైరు మాటే ఎక్కువ చెల్లుతుంది. సర్క్యూట్ రేసులో టైరు వేడెక్కడానికి ఒకటి రెండు ల్యాపులు దొరుకుతాయి. ఆటోక్రాస్‌లో ఆ సావకాశం లేదు. మొదటి మలుపు మొదటి మూడు నాలుగు సెకన్లలోనే వచ్చేస్తుంది. అందుకే ఇక్కడి డ్రైవరు గరిష్ఠ పట్టు కంటే ముందు, చల్లగా ఉన్నప్పుడే పట్టునిచ్చే రబ్బరు ఏదని చూస్తాడు.

టైరు రబ్బరు చరిత్ర చాలాకాలం మన్నిక కోసం సాగింది. పచ్చి రబ్బరు ఎండకు జిగురవుతుంది, చలికి పెళుసవుతుంది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ దానికి గంధకం కలిపి వేడిచేసి ఆ చంచలత్వాన్ని పోగొట్టాడు. 1845లో రాబర్ట్ థామ్సన్ గాలి నింపిన టైరుకు పేటెంటు తీసుకున్నాడు. ఆ ఊహ మరుగునపడ్డాక 1888లో డన్‌లప్ దాన్ని మళ్లీ కనిపెట్టి వాడుకలోకి తెచ్చాడు. తొలినాటి టైర్లు తెల్లగా ఉండేవి. 20వ శతాబ్దం మొదట్లో కార్బన్ బ్లాక్ అనే మసిపొడి కలిపితే అరుగుదల ఎంతో తగ్గుతుందని తెలిశాక నల్లరంగు వచ్చి స్థిరపడింది. రెండో ప్రపంచయుద్ధంలో మలయా రబ్బరు తోటలు జపాను చేతికి పోవడంతో అమెరికా స్టైరీన్, బ్యూటడైన్‌లతో కృత్రిమ రబ్బరును భారీగా తయారుచేసింది. కొరత తీర్చడానికి వచ్చిన ఈ రబ్బరే తర్వాత పట్టుకు తాళంచెవి అయింది.

పట్టు ఎలా పుడుతుందో చూద్దాం. రోడ్డు ఎంత నున్నగా కనిపించినా దాని మీద సూక్ష్మమైన గుట్టలూ గుంటలూ ఉంటాయి. బరువుకు రబ్బరు వాటి చుట్టూ ఒదిగిపోతుంది. టైరు కాస్త జారగానే ఒక గుట్ట నుంచి విడిపడి ఇంకో గుట్ట మీదికి ఎక్కుతుంది. మెత్తటి రబ్బరు పూర్వరూపానికి వెంటనే రాదు, కొంచెం ఆలస్యం చేస్తుంది. ఆ ఆలస్యంలో కొంత శక్తి వేడిగా మారి పోతుంది. పోయిన ఆ శక్తే జారుడుకు అడ్డుపడుతుంది. దీనికి తోడు రబ్బరు అణువులు రోడ్డు ఉపరితలాన్ని క్షణంపాటు అంటుకుని విడిపోతుంటాయి. ఒదుగుడూ అతుకుడూ కలిస్తేనే పట్టు.

ఈ ఆలస్యం ఉష్ణోగ్రతను బట్టీ వేగాన్ని బట్టీ మారుతుంది. ముదురు బెల్లంపాకాన్ని మెల్లగా లాగితే సాగుతుంది, విసురుగా లాగితే పుటుక్కున తెగుతుంది. రబ్బరు తీరూ అలాంటిదే. 1963లో గ్రోష్ అనే పరిశోధకుడు రబ్బరు ముక్కలను గాజు మీదా గరుకు ఉపరితలాల మీదా రకరకాల వేగాలతో, రకరకాల ఉష్ణోగ్రతల్లో లాగి ఘర్షణను కొలిచాడు. వేగం పెంచినా, చల్లబరిచినా రబ్బరు మీద ప్రభావం ఒకే తీరుగా ఉంటుందని ఆ కొలతలు తేల్చాయి. కాంపౌండ్, అంటే టైరు రబ్బరు మిశ్రమం, తయారుచేసే రసాయనవేత్తకు అదే దారి చూపింది. రబ్బరు గాజులా బిగుసుకుపోయే ఉష్ణోగ్రత ఒకటి ఉంటుంది. సహజ రబ్బరుకు అది సున్నాకు సుమారు 70 సెల్సియస్ డిగ్రీలు దిగువన. స్టైరీన్ పాలు పెంచితే ఆ గీత పైకి జరుగుతుంది. గీత టైరు పనిచేసే ఉష్ణోగ్రతకు దగ్గరయ్యే కొద్దీ ఆలస్యం ఎక్కువ, పట్టు ఎక్కువ. మరీ దగ్గరైతే ముప్పే. ఇలాంటి టైర్లను గడ్డకట్టే చలిలో కదిపితే రోడ్డును తాకే పైపొర, అంటే ట్రెడ్, పగలచ్చని తయారీదారులే హెచ్చరిస్తారు.

పోటీల కోసమే పుట్టిన టైర్లను రేసర్లు ఆర్-కాంపౌండ్ అంటారు. ఇండియానాకు చెందిన హూసియర్ కంపెనీ టైర్లను చూస్తే ఎంపికలోని చిక్కు అర్థమవుతుంది. ఒకే రూపంలో ఏ7, ఆర్7 అని రెండు రకాలు చేశారు. ఏ7 త్వరగా వేడెక్కుతుంది కాబట్టి ఆటోక్రాస్‌కు సరి. అరగంట సర్క్యూట్ రేసుకు దాన్ని వాడితే వేడి మితిమీరి పట్టు సడలుతుంది. ఆర్7 నిదానంగా వేడెక్కి చాలాసేపు నిలుస్తుంది, కానీ ఒక్క నిమిషపు పరుగులో అది నిద్ర లేచేసరికే ముగింపు గీత దాటేస్తాం. అందుకే రెంటిలో ఏది మెరుగని విడిగా అడిగితే జవాబుండదు.

ఇలాంటి టైర్లు ఖరీదైనవి. కొన్ని పదుల పరుగులకే వాటి పదును తగ్గుతుంది. వేడెక్కి చల్లబడ్డ ప్రతిసారీ రబ్బరు కొంత బిగుసుకుంటుంది, ట్రెడ్ మిగిలి ఉన్నా పట్టు పోతుంది. మామూలు కార్లతో ఆడేవాళ్ల జేబుకు ఇది భారమని క్లబ్ 2014లో స్టాక్ విభాగాన్ని తీసేసి స్ట్రీట్ విభాగం పెట్టింది. రోడ్డు టైర్లే వాడాలి, అరుగుదల అంకె ఇంతకు తగ్గకూడదు అన్నది నియమం. ఆ కనిష్ఠ అంకె కొద్దికాలంలోనే 200 దగ్గర స్థిరపడింది.

ఈ అంకె అమెరికా ప్రభుత్వ ప్రమాణంలోది. టెక్సస్‌లోని శాన్ ఆంజెలో పరిసరాల్లో సుమారు 640 కిలోమీటర్ల నిర్ణీత దారి ఉంది. పరీక్షించే టైర్లనూ ప్రామాణిక టైర్లనూ బిగించిన కార్లు బారుగా ఆ దారిలో మొత్తం 11,600 కిలోమీటర్ల దాకా తిరుగుతాయి. ప్రామాణిక టైరు అరుగుదలను 100 అనుకుంటే, సగం వేగంతో అరిగేదానికి 200. అయితే టైరు పక్కగోడ (సైడ్‌వాల్) మీద అంకె వేసేది ప్రభుత్వం కాదు, తయారీదారే. పైగా ఆ పరీక్ష రోడ్డు మీద సాఫీగా సాగే ప్రయాణం. మలుపులో పక్కకు ఒరిగిన టైరు ఎంత పట్టునిస్తుందో అది కొలవదు.

నియమానికీ పట్టుకూ మధ్యనున్న ఈ ఖాళీలోకే కొత్త తరం టైరు వచ్చింది. దానికి సిలికా కూడా సాయపడింది. 1990ల మొదట్లో మిషెలిన్ టైర్ల కంపెనీ ఇంధనం ఆదా చేయడానికి కార్బన్ బ్లాక్ స్థానంలో సిలికాను తీసుకొచ్చింది. చక్రం తిరిగేటప్పుడు రబ్బరు నెమ్మదిగా వంగుతుంది, జారేటప్పుడు అతివేగంగా కంపిస్తుంది. మొదటి పనిలో శక్తి నష్టాన్ని తగ్గించి రెండో పనిలో నిలబెట్టడం సిలికాతో సాధ్యమైంది. తయారీదారులు ఈ నైపుణ్యాన్నంతా పోటీవైపు మళ్లించారు. 2015లో అమెరికా మార్కెట్లోకి వచ్చిన బ్రిడ్జ్‌స్టోన్ ఆర్ఈ-71ఆర్, ఆ తర్వాత యోకోహామా ఏ052 వంటివి సైడ్‌వాల్ మీద 200 అని రాసుకుని, ఆర్-కాంపౌండ్‌కు దరిదాపుల్లోకి వెళ్లాయి. ఖర్చు తగ్గించాలనుకున్న నియమమే త్వరగా అరిగే కొత్త రోడ్డు టైర్లకు పురుడు పోసింది.

మైదానంలో డ్రైవర్ల పని చూస్తే ఈ లెక్కలన్నీ కళ్లకు కడతాయి. పరుగు ముగించి కారు ఆపగానే ఒకరు సూది థర్మామీటరును ట్రెడ్ లోపలి అంచున, నడుమ, బయటి అంచున గుచ్చి చూస్తారు. మూడు అంకెలు దగ్గరగా ఉంటే చక్రం వాలూ గాలీ సరిపోయినట్టే. నడుమ ఎక్కువైతే గాలి ఎక్కువైనట్టు. సైడ్‌వాల్ మీద గీసిన సుద్ద ఎంతవరకు చెరిగిందో చూసి టైరు ఎంత ఒరిగిందో పోలుస్తారు. ఒకే కారును ఇద్దరు నడుపుతుంటే టైర్లు చల్లబడే వ్యవధి ఉండదు, అందుకే తోటలో మందు కొట్టే పంపుతో వాటి మీద నీళ్లు చల్లుతారు. త్వరగా వేడెక్కే కాంపౌండ్ ఒంటరి డ్రైవరుకు వరమైతే, ఇద్దరు వరసగా నడిపే కారుకు మధ్యాహ్నం ఎండలో గుదిబండ.

కాబట్టి ఎంపికకు వరసగా కొన్ని ప్రశ్నలుంటాయి. విభాగం ఏ టైరుకు అనుమతిస్తుంది? కారు బరువెంత? నేల కాంక్రీటా, తారా? పరుగు పొద్దున్నా, మధ్యాహ్నమా? నడిపేది ఒకరా, ఇద్దరా? వీటికి జవాబులు వచ్చాక టైరు పేరు దానంతటదే తేలుతుంది.

ఈ పోటీలతో సంబంధం లేని మనకూ ఇందులో ఒక లాభం ఉంది. చాలా టైర్ల మీద అరుగుదల అంకె పక్కనే ట్రాక్షన్ అని ఒక అక్షరం కూడా ఉంటుంది. తడి రోడ్డు మీద తిన్నగా వెళుతూ బ్రేకు వేస్తే వచ్చే పట్టును బట్టి ఇచ్చే శ్రేణి అది, అందులో ఏఏ అన్నిటికంటే పైది. పెద్ద అంకె చూసి ఎక్కువ కిలోమీటర్లు వస్తాయని కొనడం మన అలవాటు. కానీ వర్షంలో కారు ఆగాల్సినచోట ఆగడం ఆ అంకె పని కాదు. దుకాణంలో అంకెతో పాటు ఆ అక్షరాన్నీ అడిగి చూడాలి.