జింజర్ మాటలో మన వేరు

జహీరాబాదు ప్రాంతపు ఎర్రనేలలో అల్లం పండుతుంది. దానిని ఇంగ్లీషులో ‘జింజర్’ అంటారని మా పిల్లలకు తెలుసు. ఎర్రజుట్టు గలవానిని వర్ణించే విశేషణం కూడా ‘జింజర్’ అని చదివినప్పుడు మాత్రం ఆశ్చర్యపడతారు. అల్లానికీ ఎర్రజుట్టుకూ పొత్తేమి?

1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ ప్రకటించిన గ్రామ్యపద నిఘంటువు దీనికి సమాధానం చెప్పినది. కోడిపందేల బరిలో ఎర్రపుంజులను ‘జింజర్లు’ అనేవారట. ఆ మాటే మనుష్యుల జుట్టుకు ఎక్కినది. మన పందెగాండ్రు ఎర్రపుంజును ‘డేగ’ అనడం లేదా?

ఇక మూలం సంగతి. ఇంగ్లీషు మాటకు వెనుక లాటిన్ ‘జింజిబెర్’, దానికి వెనుక గ్రీకు ‘జింగిబెరిస్’ ఉన్నవి. క్రీ.శ. మొదటి శతాబ్దిలోనే డయాస్కోరిడీస్ అనే గ్రీకు వైద్యుడు తన ఔషధగ్రంథంలో దీనిని పేర్కొన్నాడు. ఇంకా వెనుకకు పోతే పాలీలో ‘సింగివేర’, సంస్కృతంలో ‘శృంగవేరము’. శృంగమనగా కొమ్ము, వేరమనగా దేహము. కొమ్మువంటి దేహము గలదని వ్యుత్పత్తి. తరగతిలో నేనూ చాలా ఏండ్లు అట్లే చెప్పినాను. దుంప ఆకారానికి చక్కగా అమరినది గనుక అనుమానమే రాలేదు.

ఒకనాడు ఒక విద్యార్థి లేచి, “అయ్యా, వేరము అంటే మన వేరే కాదా?” అన్నాడు. పిల్లలు నవ్వినారు. నేనూ నవ్వి, అతనిని కూర్చోబెట్టినాను.

ఇంటికి వెళ్ళి గ్రంథాలు తిరగవేసిన తరువాత ఆ నవ్వు నాకే తగిలినది. తమిళ మలయాళాలలో అల్లం పేరు ‘ఇంజి’. ‘వేర్’ అంటే మన వేరే. ఈ దక్షిణాది సమాసమే ఉత్తరాదికి వెళ్ళి, కొమ్ము అనే అర్థాన్ని తరువాత తగిలించుకొన్నదని భాషావేత్తల అభిప్రాయం. ఈ ఒక్క మాట మీదనే ఆలన్ రాస్ 1952లో ఒక గ్రంథం వెలువరించినాడు. మరి ‘సింగి’లోని సకారం ‘ఇంజి’లో ఏమైనది? దక్షిణ ద్రావిడంలో పదాది చకారం లోపించడం కద్దు. మన ‘ఆరు’ గోండీలో ‘సారుంగ్’ అని తలచుకొంటే ఈ మార్పు తేటపడుతుంది.

అయితే గర్వానికి తొందరపడరాదు. మన ‘అల్లము’ను పండితులు తడి అనే అర్థం గల సంస్కృత ‘ఆర్ద్ర’ శబ్దంతో ముడిపెడతారు. మా అంగడిలో వినిపించే ఉర్దూ ‘అద్రక్’ కూడా ఆ ఇంటిదే. ఒక మాట దక్షిణం నుంచి వెళ్ళినది, మరొకటి ఉత్తరం నుంచి వచ్చినది.

మరునాడు తరగతిలో ఆ విద్యార్థిని లేపి, “నీవు అడిగినదే సరి, నేను చెప్పినది పొరపాటు” అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆనాటి నుంచి శృంగవేరము పాఠం వచ్చినప్పుడల్లా రెండు వ్యుత్పత్తులూ చెప్పి, అందమైనది ఏదో, నిజానికి దగ్గరైనది ఏదో పిల్లలనే తేల్చమంటున్నాను.