కోలారు పాతాళమున కణవిజ్ఞానము: అపోహలు – వాస్తవములు

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలు 2007వ సంవత్సరము వరకు కోలారు జిల్లాలోనివే. ఇంట తెలుగు, కచేరీలో కన్నడము మాటలాడుచు, చిత్రావతి నీటికై పరగోడు ఆనకట్ట వంక చూచుచు బ్రతుకు ఈ సీమవారికి కోలారు అనగానే బంగారము స్ఫురించును. ఇటీవల చలనచిత్రముల మూలమున దేశమంతటికిని అదియే స్ఫురించుచున్నది. కాని ఆ గనులలో బంగారముకంటె ఎన్నో రెట్లు సూక్ష్మమైన వస్తువు నొకదానిని సుమారు నలువది యేండ్లపాటు అన్వేషించిరనియు, ఆ అన్వేషణకు కణభౌతిక చరిత్రలో స్థిరమైన చోటు లభించినదనియు ఎఱిగినవారు మనలో స్వల్పము. ఎఱిగిన కొలదిమందిలోను ఆ కథ వక్రముగా ప్రచారమగుచున్నది. కొందరు దానిని ఉన్నదానికంటె పెంచి చెప్పుదురు. కొందరు క్వాంటమ్ శాస్త్రము పేరిట లేని మహిమలను ముడివెట్టుదురు. మఱికొందరు న్యూట్రినో యనగానే బాంబని బెదరుదురు. ఈ మూడు విధముల అపోహలకును సమాధానము ఆ గనిలోనే కలదని నా నమ్మకము.

గర్వమునుండి పుట్టిన అపోహను తొలగించుట కష్టము గనుక దానితోనే ఆరంభింతును. “న్యూట్రినోను ప్రపంచమున మొట్టమొదట పట్టుకొన్నది మన కోలారులోనే” అని చెప్పుకొనుట కలదు. ఇది సత్యము కాదు. బీటా క్షయమునందు కొంత శక్తి లెక్కకు రాక పోవుచుండుటను చూచి, విద్యుదావేశము లేని కణమొకటి దానిని కొనిపోవుచున్నదని 1930లో వోల్ఫ్‌గాంగ్ పౌలి ఊహించెను. ఫ్రెడరిక్ రైన్స్, క్లైడ్ కోవన్ అను అమెరికను శాస్త్రజ్ఞులు 1956లో సవానా నది యొద్ద నున్న అణు రియాక్టరు ప్రక్కన దాని ఉనికిని ప్రయోగముతో నిరూపించిరి. కోలారు వంతు అటుపిమ్మట తొమ్మిదేండ్లకు వచ్చినది, అదియు వేఱొక విధమైన ఘనతగా వచ్చినది. అంతరిక్షమునుండి వచ్చు విశ్వకిరణములు మన వాతావరణమును తాకినపుడు అక్కడ సహజముగా పుట్టు న్యూట్రినోల జాడ దొరకినదని ప్రకటించిన తొలి శాస్త్రపత్రము కోలారుది. అది 1965 ఆగస్టు 15వ తేదీన ‘ఫిజిక్స్ లెటర్స్’ పత్రికలో వెలువడెను. దక్షిణాఫ్రికాలో జోహన్నెస్‌బర్గు సమీపమున మఱియొక బంగారు గనిలో రైన్స్ బృందము ఇదే పనిలో నుండెను; వారి పత్రము ఆగస్టు 30న అచ్చయినది. అయితే వారి పరికరమున తొలి సంఘటన ఆ యేడు ఫిబ్రవరి 23ననే నమోదైనదని కూడ చెప్పవలెను. ప్రకటించుటలో కోలారు ముందు, చూచుటలో వారు ముందు. సముద్రముల కావల నీవలగా ఒకే సంవత్సరమున ఇట్లు పోటీపడిన రెండు గనులలో ఒకటి మన పొరుగున నున్నదనుట సామాన్యమైన గౌరవము కాదు. దానికి అతిశయోక్తి తోడు కానక్కరలేదు.

ఆకాశమునుండి వచ్చు కణమును చూచుటకు పాతాళమునకు దిగుటేల? ఖనిజములో ఏదో కిరణశక్తి గలదనియు, దానికై శాస్త్రజ్ఞులు వచ్చిరనియు తలచుట సులభము. బంగారమునకును ఈ పరిశోధనకును ఏ సంబంధమును లేదు. వారికి కావలసినది గని లోతు మాత్రమే. అరచేయి చాచి నిలుచుండినచో సెకనుకు దాదాపొక మ్యూయాన్ దానిగుండ దూసికొని పోవుచుండును. విశ్వకిరణముల తాకిడికి పైవాతావరణమున పుట్టిన కణమిది. ఇట్టి రద్దీలో న్యూట్రినో చేసిన అల్పమైన చిహ్నమును గుర్తించుట అసాధ్యము. కావున శిలయే జల్లెడ కావలెను: మ్యూయాన్లు లోతునకు పోవుకొలది శక్తి కోల్పోయి ఆగిపోవును, న్యూట్రినోలు మాత్రము భూగోళము నంతటిని లెక్కసేయక దాటిపోవును. కోలారు గనులు ఆనాడు ప్రపంచమున మిక్కిలి లోతైన గనులలోనివి; అక్కడి శిల మామూలు శిలకంటె సాంద్రమైనది; 2,300 మీటర్ల లోతున నిలిచినవాని తలపై సుమారు 7,000 మీటర్ల నీటి మందమునకు సమమైన కప్పు ఉండును.

హోమీ భాభా ప్రోత్సాహమున 1951లో టాటా మౌలిక పరిశోధన సంస్థనుండి నంజనగూడు వాడైన బి. వి. శ్రీకంఠన్ అను యువకుడు గైగర్ కౌంటర్లతో ఈ గనిలో దిగి, వివిధమైన లోతులలో మ్యూయాన్ల సంఖ్యను కొలుచుటతో ఈ పరిశోధన మొదలైనది. పదేండ్ల పిమ్మట ఎస్. మియాకే, వి. ఎస్. నరసింహం, పి. వి. రమణమూర్తి అనువారలు ఛాంపియన్ రీఫ్ గనిలో 2,760 మీటర్ల వరకు పోయి కొలిచిరి. అడుగున సుమారు రెండు మాసములు వేచినను ఒక్క మ్యూయాను కూడ లెక్కకు రాలేదు. ప్రయోగమున ఏమియు కనబడకున్న అది విఫలమైనదనుట మనలో గట్టిగా నాటుకొన్న అపోహ. కళాశాల ప్రయోగశాలలలో విద్యార్థులు రావలసిన అంకెను ముందే తెలిసికొని దానిని రాబట్టుటయే ప్రయోగమని నేర్చుకొనుట దీనికి కారణమని నాకు తోచును. ఆ శూన్యమే కోలారు పరిశోధకులకు భాగ్యమైనది. పైనుండి వచ్చు మ్యూయాన్లు లేనిచోట మ్యూయాన్ కనబడెనేని, అందును అది ప్రక్కనుండి అడ్డముగా వచ్చెనేని, దానిని చుట్టునున్న శిలలో న్యూట్రినో పుట్టించినదని చెప్పుటకు ఇక అడ్డులేదు.

అందువలన 1965 నాటి పరికరమును వారు పైకప్పు వంక చూచునట్లు పఱచక, గోడలవలె నిలువున నిలిపిరి. టాటా సంస్థ, ఒసాకా నగర విశ్వవిద్యాలయము, ఇంగ్లండులోని డర్హం విశ్వవిద్యాలయము కలిసి చేసిన పని యిది, ఎం. జి. కె. మేనన్, శ్రీకంఠన్, మియాకే, వుల్ఫెండేల్ ఇందు ప్రముఖులు. ఎదురెదురుగా ప్లాస్టిక్ సింటిలేటర్ ఫలకలు, వాని నడుమ నియాన్ వాయువు నింపిన గాజుగొట్టముల వరుసలు. ఆవేశము గల కణము రెండువైపుల ఫలకలను దాటిన తత్‌క్షణమే గొట్టములకు అధికమైన విద్యుత్పీడనము తగులును. కణము పోయిన దారిలోని గొట్టములు మాత్రమే ఎఱ్ఱగా మెఱయును. కెమెరా దానిని ఫిల్ముపై పట్టును. ఆ మెఱపుల వరుస వాలును బట్టి కణము వచ్చిన దిక్కు తెలియును. చేయి వేయరాని వేడి రాతిలో, శిలలు హఠాత్తుగా ప్రేలు ప్రమాదమున్న సొరంగములలో ఈ సున్నితమైన పని సాగినదని మఱవరాదు.

క్వాంటమ్ శాస్త్రమును గూర్చిన అతి విస్తారమైన అపోహకు ఈ కెమెరాయే సమాధానము చెప్పును. “చూచువాని మనస్సే వస్తువును సృష్టించును, మనము చూడనిదే కణము లేదు, ఇది ఆధునిక భౌతికశాస్త్రము ఒప్పుకొన్న విషయము” అని ఉపన్యాసకులు చెప్పుట మనము వినుచున్నాము. కోలారు సొరంగములో గొట్టము మెఱసినపుడు దానిని చూచుచున్న మనుష్యుడు లేడు. ఫిల్మును తరువాత కడిగి చూచిరి. అప్పటికే గీత దానిపై నున్నది. క్వాంటమ్ సిద్ధాంతములో కొలత యనగా కణము తన పరిసరములతో తాకిడి పొంది, మరల చెఱుపరాని గుర్తును విడుచుట. ఆ గుర్తు గాజుగొట్టములో పడినను, రాతిలో పడినను ఒకటే. వియన్నాలో 2004లో ఒక ప్రయోగము జరిగినది. డెబ్బది కార్బన్ పరమాణువులు గల బరువైన అణువులను సన్నని చీలికలగుండ పంపగా అవి తరంగములవలె వ్యతికరణము చూపెను. వానిని బాగుగ వేడిచేసి పంపగా, దారిలో అవి తామే వెలువరించిన కాంతికణములు వాని జాడను బయటికి కొనిపోయి, వ్యతికరణము నశించెను. ఆ కాంతిని ఎవరును చూడలేదు, చూడవలసిన పనియు లేదు. అనేక సాధ్యములలో ఒకటియే ఎందుకు సిద్ధించునన్న ప్రశ్నపై భౌతికులకు నేటికిని వాదములున్నవన్నది నిజము. కాని మనిషి చైతన్యమును లెక్కలో ఎక్కడను వేయకయే ఆ శాస్త్రము ఇన్నాళ్ళు సరియైన సమాధానములు చెప్పుచున్నదన్నదియు నిజము.

దీనికి సోదరమైన మఱియొక అపోహ: అనిశ్చితి గలదు గనుక ఏమైనను జరుగవచ్చును, శాస్త్రమే చేతులెత్తివేసినదని. ఈ మ్యూయానునే తీసికొనుడు. ఇది ఎప్పుడు విచ్ఛిన్నమగునో ఎవడును చెప్పలేడు. ఎన్నో మ్యూయాన్ల సగటు ఆయువు 2.2 మైక్రోసెకన్లు అని మాత్రము లక్షల వంతులలో ఒక వంతు ఖచ్చితముతో చెప్పగలరు. ఒక్కదాని విషయమున అనిశ్చితము, సమూహము విషయమున కఠినమైన నియమము. ఈ నియమము ఏ కోరికకును, ఏ ప్రార్థనకును లొంగినట్లు ఎవరును చూపలేదు.

ఇక ప్రోటాన్ మాట. 1980లో అదే గనిలో 2,300 మీటర్ల లోతున 140 టన్నుల ఇనుప పలకలును, వాని నడుమ వాయువు నింపిన కౌంటర్ల పొరలును పేర్చి, ప్రోటాన్ తనంత తాను విచ్ఛిన్నమగునా యని కనిపెట్టిరి. బలములన్నిటిని ఏకము చేయు సిద్ధాంతములు దాని ఆయువు ఒకటి ప్రక్కన సుమారు ముప్పది సున్నలు వేసినన్ని సంవత్సరములని ఆనాడు చెప్పుచుండెను. విశ్వము పుట్టి 1,380 కోట్ల యేండ్లే యైనపుడు ఇట్టి ఆయువును కొలుచుట హాస్యాస్పదమని పలువురు అనుకొందురు. ఒక్క ప్రోటానును చూచుచు కూర్చుండిన అది నిజమే. కాని 140 టన్నుల ఇనుములో ప్రోటానులు, న్యూట్రానులు కలిపి, ఒకటి ప్రక్కన 31 సున్నలు వేసిన సంఖ్యకు ఎనిమిది రెట్లున్నవి. ఆయువు ఒకటి ప్రక్కన 31 సున్నలు వేసినన్ని సంవత్సరములైనచో ఏటికి ఎనిమిది విచ్ఛిన్నములు సంభవించవలెను. కావున ఓపికతో కాచుకొన్నవానికి ఇది అందుబాటులోని కొలతయే.

కోలారు బృందము కొన్ని సంఘటనలను విచ్ఛిన్నమునకు అనుమానింపదగినవిగా ప్రకటించెను. నాడు ప్రపంచమంతయు ఇటు చూచినది. “ప్రోటాన్ క్షయమును కోలారులో కనుగొనిరి” అను మాట అప్పటినుండి కొందరి నోట నిలిచిపోయినది. కాని అమెరికాలోని ఐ.ఎం.బి., జపానులోని కమియోకాండే అను ఇంకను పెద్దవైన నీటి పరికరములు దానిని ధ్రువపఱచలేదు. నేడు సూపర్ కమియోకాండే లెక్క ప్రకారము, పాజిట్రాన్, పయాన్‌గా విడిపోవు మార్గమున ప్రోటాన్ ఆయువు ఒకటి ప్రక్కన 34 సున్నలు వేసినన్ని సంవత్సరములకంటె ఎక్కువ. అంతమాత్రమున కోలారు కృషి వ్యర్థమని నేననను. అటువంటి పరికరమును అందఱికంటె ముందుగా నడిపించి, తాము చూచినదానిని దాచక ప్రపంచము ముందుంచి, ఇతరుల పరీక్షకు ఒప్పగించుటయే వారు చేయవలసిన పని. దానిని వారు చేసిరి.

క్వాంటమ్ నియమములు పరమాణువు కొలతకే పరిమితమని పాఠశాలలోనే మనకు నాటుకొనును. కోలారులో తొలుత ప్రకటితమైన ఆ వాతావరణ న్యూట్రినోలే దీనిని కాదన్నవి. మ్యూయాన్ జాతి న్యూట్రినో యనునది నిజమునకు వేఱువేఱు ద్రవ్యరాశులు గల స్థితుల మిశ్రమము. ప్రయాణములో ఆ స్థితుల తరంగములు ఒకదానికొకటి అడుగు తప్పి, దాని జాతియే మారును. తలపైనుండి వచ్చినవి పదునైదు, ఇరువది కిలోమీటర్లే నడచును. కాలిక్రిందనుండి వచ్చినవి భూమి వ్యాసమంతటిని, దాదాపు 12,700 కిలోమీటర్లు, దాటి వచ్చును. క్రిందివి తక్కువగా నున్నవని సూపర్ కమియోకాండే 1998లో చూపెను. అందువలన న్యూట్రినోకు ద్రవ్యరాశి గలదని తేలినది. న్యూట్రినోలు ఇట్లు జాతి మారునని కనుగొన్నందుకు 2015లో కజితా, మెక్‌డొనాల్డ్ అను శాస్త్రజ్ఞులు నోబెల్ బహుమానము పొందిరి. భూగోళమంత పొడవున చెడక నిలిచిన క్వాంటమ్ ధర్మమిది.

ఇక క్వాంటమ్ పేరిట చెప్పు మహిమల మాట. గౌరిబిదనూరు తాలూకా హోసూరులో పుట్టి, ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయమున కేంద్రక భౌతికములో డాక్టరు పట్టము పొంది, బెంగళూరు విశ్వవిద్యాలయమునకు ఉపకులపతియైన హెచ్. నరసింహయ్యగారు 1976లో మహిమలను పరీక్షించుటకు ఒక సంఘమునే ఏర్పఱచిరి. బాగేపల్లిలో నేషనల్ కళాశాల వారి కృషిఫలమే. అట్టి పెద్ద పుట్టిన సీమలో క్వాంటమ్ పేరుగల పతకములను ఆరోగ్యమునకై కొని మెడలో వేసికొనుట విచారకరము. 2021లో నెదర్లాండ్స్ ప్రభుత్వ సంస్థ పరీక్షించిన ఇట్టి వస్తువులలో కొన్ని నిజముగనే రేడియోధార్మికములని తేలగా, ఆ సంస్థ వానిని ధరింపవద్దని ప్రజలను హెచ్చరించినది. ఇట్లే, కైవారము తాతయ్యగారి కాలజ్ఞానమునందు పరమాణు సిద్ధాంతమును వెదకువారును కలరు. ఆయన పదములను ఈ సీమ భక్తితో పాడుచున్నది. వానికి భౌతికశాస్త్రపు యోగ్యతాపత్రము తెచ్చిపెట్టుట ఆయనకును శాస్త్రమునకును అన్యాయమే.

తుదకు భయము. తమిళనాడు తేని జిల్లా పొట్టిపురము కొండక్రింద 50,000 టన్నుల ఇనుప పరికరముతో న్యూట్రినో పరిశోధనశాల కట్టుటకు 2015లో కేంద్ర ప్రభుత్వము అనుమతి నీయగా, అక్కడ కిరణములు వెలువడి జనులు రోగగ్రస్తులగుదురని ప్రచారము సాగినది. న్యూట్రినోలను అక్కడ తయారుచేయరు, నిలువయు చేయరు. వచ్చి పోవువానిని గమనింతురు. ఈ వాక్యము చదువుచుండగనే సూర్యుని న్యూట్రినోలు మీ శరీరమున ప్రతి చదరపు సెంటీమీటరుగుండ సెకనుకు సుమారు 6,500 కోట్లు పోవుచున్నవి. వానివలన బాధ లేదు. మన దేహములోని సహజమైన పొటాసియమే సెకనుకు నాలుగు వేల పైచిలుకు రేడియోధార్మిక క్షయములు పొందుచుండును. కోలారులో ఏండ్ల తరబడి పనిచేసిన పరికరములందును ఇనుము, ప్లాస్టిక్, గాజు, వాయువు, తీగలు వంటివి తప్ప వేఱేమియు లేవు; అవి 1990ల తొలి యేండ్లలో ఆగిపోయినది గనుల మూసివేత వలననే గాని, ఏ అపాయము వలనను కాదు. అయితే కొండను ప్రేల్చుట, అడవి, నీటి ఊటలు, గ్రామస్థుల హక్కులు అను ప్రశ్నలు వేఱు. అవి న్యాయమైన ప్రశ్నలు. వానిని అడిగినవారిని అజ్ఞానులని తోసివేయుట తగదు, వానికి భూగర్భశాస్త్రజ్ఞులును ప్రభుత్వమును లెక్కలతో బదులు చెప్పవలెను. న్యూట్రినో మాత్రము ఆ అభియోగములలో దేనికిని ముద్దాయి కాదు.