మట్టిలో పుట్టిన మందు కూలివాడి చేతికి అందాలి

ఉద్దానంలో జీడితోటల పనికి పోయే కూలీ ఒకాయనకు సొంత అక్క కిడ్నీ యిచ్చింది. ఆపరేషన్ బాగానే జరిగింది. తిరిగి పనిలోకి కూడా వెళ్లాడు. ఒక నెల పనుల్లేక, చేతిలో డబ్బాడక మందులు మానేశాడు. "ఒళ్లు బాగానే వుంది గదా, ఓ నెల మానితే ఏటవుతాది అనుకున్నాను బాబూ" అన్నాడు మాతో. అక్క యిచ్చిన కిడ్నీ పోయింది. మళ్లీ డయాలసిస్ మంచమెక్కాడు.

తప్పు ఆయనదేనా? ముందు ఆ మందుల సంగతి తెలుసుకుందాం.

మన రక్తంలోని తెల్లకణాలు చేలో కావలివాళ్ల వంటివి. పరాయిది ఏది వచ్చినా తరిమికొడతాయి. రోగక్రిమి అయినా, అక్క యిచ్చిన కిడ్నీ అయినా వాటికి ఒకటే. 1954లో అమెరికాలోని బోస్టన్‌లో డాక్టర్ జోసెఫ్ ముర్రే బృందం చేసిన కిడ్నీ మార్పిడి విజయవంతమైంది. యిచ్చినవాడూ, పుచ్చుకున్నవాడూ ఒకే పోలిక కవలలు గనుక శరీరం దాన్ని పరాయిదనుకోలేదు. మరి కవల లేనివాళ్ల గతేమిటి? కావలివాళ్ల జోరు తగ్గించే మందు కావాలి. 1960ల మొదట్లో అజథయోప్రిన్ వాడకంలోకి వచ్చింది.

తర్వాతి మందులు ఎక్కడ దొరికాయనుకున్నారు? మట్టిలో! నార్వే కొండనేల నుంచి తెచ్చిన మట్టిలోని బూజు సైక్లోస్పోరిన్‌నిచ్చింది. 1983లో దానికి అమెరికాలో అనుమతి వచ్చింది. 1984లో జపాన్‌లోని సుకుబా మట్టిలోని సూక్ష్మజీవి నుంచి టాక్రోలిమస్ దొరికింది. ఈనాడు ఎక్కువమందికి యిస్తున్నది యిదే. దీనికి తోడు మైకోఫెనొలేట్, ప్రెడ్నిసొలోన్ వాడతారు.

కిడ్నీ పనిచేసినన్నాళ్లూ ఈ మందులు మానరాదు. వేళ తప్పరాదు. మోతాదు తగ్గితే కిడ్నీకి ముప్పు, పెరిగితే కిడ్నీకే విషం. అందుకే రక్తంలో మందు ఎంత వుందో పరీక్ష చేయించుకుంటూ వుండాలి. కావలి తగ్గింది గనుక జ్వరం, దగ్గు వస్తే వెంటనే డాక్టరు దగ్గరకు పోవాలి. ఒళ్లునొప్పులకు కిళ్లీబడ్డీలో బిళ్లలు కొని మింగరాదు. పంపరపనస తినరాదు, అది రక్తంలో మందు మోతాదును పెంచుతుంది.

ఇవన్నీ పాటించమని కూలివాడికి చెప్పడం తేలికే. కాని మందుకోసం పట్నం పోతే ఆ రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీ మీదపడుతుంది. 2023లో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. మంచిదే. కాని ఆపరేషన్ ఒక్కరోజుది, మందు బతుకంతటిది. ప్రతి నెలా ఊరి దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఈ మందులు ఉచితంగా యివ్వాలి. రక్తపరీక్ష జిల్లాలోనే జరగాలి.

మందు మట్టిలో దొరికింది. ఆ మట్టినే నమ్ముకున్నవాడు మందు కొనలేక అక్క యిచ్చిన కిడ్నీ పోగొట్టుకోవడం ఏం న్యాయం? ఊరూరా సంఘ సమావేశాల్లో ఈ మాట చర్చించుదాం. మందులు వాడుతున్నవారి జాబితాలు రాసి, అర్జీలతో కదులుదాం.