పుట్టింటి ప్రయాణంలో ఒక కార్డు

తొలిచూలు పిల్లను పురిటికి పుట్టింటికి తీసుకెళ్లడం మన ఆనవాయితీ. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ కొలువు చేసే అమ్మాయి శ్రీకాకుళం బస్సెక్కినా, నానక్‌రామ్‌గూడలో అద్దాల మేడలు కట్టే కూలీ పాలమూరు పల్లెకు మళ్లినా చిక్కొకటే. కడుపుతో ఉండగా చూసిన నర్సమ్మ ఒకచోట, పురుడు పోసేవారు ఇంకోచోట. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసి ఉండరు.

ఒకప్పుడు పురుడంటే మంత్రసాని. ఆసుపత్రి కాన్పులొచ్చాక ఆ మాటే మరుగున పడింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే. అయితే మొత్తం కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, ప్రైవేటులోనైతే 81.5. మొత్తం మీద సిజేరియన్ల వాటా అప్పటికి దేశంలో మరే రాష్ట్రంలోనూ ఇంత లేదు. ఈ లెక్క చూశాక మిడ్‌వైఫ్ మళ్లీ ఎందుకు కావలసి వచ్చిందో వేరే చెప్పాలా? హైదరాబాద్ ఫెర్నాండెజ్ ఆసుపత్రి 2011లోనే నర్సులకు మిడ్‌వైఫ్ శిక్షణ మొదలుపెట్టింది. 2017లో రాష్ట్ర ప్రభుత్వం ఆ సంస్థతో, యునిసెఫ్‌తో కలిసి కరీంనగర్‌లో 30 మంది నర్సులకు ఏడాదిన్నర కోర్సు నడిపింది. మరుసటేడు కేంద్రమూ మార్గదర్శకాలిచ్చింది. నొప్పుల్లో తల్లి పక్కనే ఉండటం, అటూ ఇటూ నడిపించడం, మొదటి గంటలో బిడ్డకు పాలు పట్టించడం, తేడా కనిపిస్తే డాక్టరును పిలవడం మిడ్‌వైఫ్ పనులు.

డిశ్చార్జితో ఆమె చేతి పని అయిపోతుంది. బాలింతకు అసలు బెంగ ఇంటికొచ్చాకే.

అక్కడ ఏఎన్ఎం, ఆశా అక్క అందుకోవాలి. ఆసుపత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆశా గుమ్మంలోకి రావాలన్నది నియమం. బిడ్డ బరువు తూస్తుంది, ఒళ్లు వెచ్చగా ఉందేమో చూస్తుంది, తల్లికి జ్వరమో రక్తస్రావమో ఉందా అని అడుగుతుంది. బిడ్డ రెండున్నర కిలోల లోపు పుట్టిందని, తల్లికి బీపీ పెరిగిందని ముందే తెలిస్తే ఆ మూడో రోజు అడిగే ప్రశ్నలే మారిపోతాయి.

బ్రిటన్‌లో మిడ్‌వైఫ్ ఇంటికొచ్చి చూసి, రెండు వారాలు నిండే వేళకు హెల్త్ విజిటర్‌కు అప్పగిస్తుంది. మన దగ్గర ఆ అప్పగింత చాలాసార్లు తల్లి సంచిలోని తల్లీబిడ్డల రక్షణ కార్డు మీదే నడుస్తుంది.

పైగా 2013 నాటి పట్టణ ఆరోగ్య మిషన్‌లో ఆశాలను పెట్టింది ముఖ్యంగా బస్తీల కోసం. ముప్ఫై అంతస్తుల అపార్టుమెంటు ఆమె పరిధిలోకి రావడం కష్టం. అక్కడి బాలింతకు వాట్సాప్ గ్రూపే పెద్ద దిక్కు. కూలీల షెడ్ల దాకా ఆశా వెళ్లినా, పని అయిపోతే షెడ్డే లేచిపోతుంది.

మూడు నెలలు నిండాక బిడ్డతో నగరానికి తిరిగొస్తే 14 వారాల టీకా వేళవుతుంది. ఇక్కడి నర్సమ్మ కార్డు తెరుస్తుంది. పుట్టినప్పటి బరువు, కాన్పు తీరు, ముందటి రెండు విడతల తేదీలు వేరెవరి చేతిరాతలోనో కనిపిస్తాయి. ఒక గడి ఖాళీగా ఉంటే, ముందు ఆ ఊరికి ఫోన్ కలపమంటుంది.